పద్దెనిమిదిలో ఒకటి తీసేయాలి

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీ కుర్రాళ్ల మ్యాచే అయినా లక్షమంది టికెట్ కొని చూస్తారు. అందులో అలబామా విశ్వవిద్యాలయం పేరు చెబితే ప్రత్యర్థులు కూడా లేచి నిలబడాల్సిందే. తాము 18 సార్లు జాతీయ చాంపియన్లమని ఆ విశ్వవిద్యాలయం లెక్క. వాటిలో 17 టైటిళ్లను ఏదో ఒక వాదనతో నిలబెట్టుకోవచ్చు. 1941 నాటిదాన్ని నిలబెట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అసలు ఇంత గందరగోళం ఎందుకు? మన రంజీ ట్రోఫీకి ఫైనల్ ఉంది, గెలిచినవాడికి కప్పు ఇస్తారు, అక్కడితో సరి. కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయిలో కథ వేరు. క్రీడల నిర్వహణ సంస్థ ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్‌కు, ఈతకు జాతీయ టైటిళ్లు ఇస్తుంది గానీ ఈ ఆటకు ఇంతవరకూ ఇవ్వలేదు. ఆ ఖాళీలోకి 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరుల ఓట్లు, ఆ తర్వాత కోచ్‌ల ఓట్లు, వీటితోపాటు సొంత గణిత సూత్రాలతో ర్యాంకులు కట్టే వ్యక్తులు వచ్చి చేరారు. నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది 2014లో. దాన్ని 12 జట్లకు పెంచింది 2024లో.

1980ల మధ్య వరకు అలబామా లెక్కలో ఉన్నవి కోచ్ బేర్ బ్రయంట్ కాలంనాటి ఆరు టైటిళ్లే. అప్పుడు జట్టు ప్రచార విభాగం అధిపతి వేన్ ఆచిసన్ పాత రికార్డులు తిరగేసి 1925, 1926, 1930, 1934, 1941లను చేర్చారు. కలం పోటుతో ఆరు కాస్తా పదకొండయ్యాయి.

అలాగని అవన్నీ గాలి కబుర్లు కావు. 1925 సీజన్‌నే చూడండి. 1926 జనవరి 1న కాలిఫోర్నియాలో రోజ్‌బౌల్ మ్యాచ్. దక్షిణాది జట్టుకు అక్కడ ఆడే అవకాశం రావడం అదే మొదటిసారి. సగం ఆట ముగిసేసరికి ప్రత్యర్థి వాషింగ్టన్ 12-0తో ముందుంది. మూడో క్వార్టర్‌లో అలబామా 20 పాయింట్లు కొట్టి, చివరికి 20-19తో గట్టెక్కింది. అందులో రెండు టచ్‌డౌన్లు చేసిన జానీ మాక్ బ్రౌన్ ఆ తర్వాత హాలీవుడ్ కౌబాయ్ హీరో అయ్యాడు. అలాంటి జట్టు చాంపియన్ అనిపించుకుంటే కాదనేదెవరు?

1941 సంగతి అలా కాదు. ఆ ఏడాది అలబామా తొమ్మిది గెలిచి రెండు ఓడింది. తాను ఆడే కాన్ఫరెన్స్ (ప్రాంతీయ లీగ్) టైటిలే దక్కలేదు. అసోసియేటెడ్ ప్రెస్ జాబితాలో 20వ స్థానం. మొదటి స్థానం ఒక్క మ్యాచూ ఓడని మిన్నెసోటాది. హౌల్‌గేట్ అనే ఒక రేటింగ్ పద్ధతి అలబామాను పైన పెట్టింది, అంతే. అదే ఆధారం.

1964, 1973 టైటిళ్లదీ తమాషా. వాటిని తెచ్చిపెట్టిన ఓట్లు సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లకు ముందే వేసినవి. కిరీటం పెట్టుకుని వెళ్లి 1964 సీజన్‌లో టెక్సస్ చేతిలో 17-21తో, 1973 సీజన్‌లో నాటర్ డేమ్ చేతిలో 23-24తో ఓడారు. రెండో ఓటమితో కోచ్‌ల పోల్ కూడా కళ్లు తెరిచి మరుసటి ఏడాది నుంచి బౌల్ మ్యాచ్‌లు అయ్యాకే తుది ఓటు పెట్టింది. అయినా ఆనాటి నిబంధన అది, ఆ రెండింటినీ తప్పు పట్టలేం.

వింత ఏమిటంటే, 1966లో అలబామా ఒక్కటీ ఓడలేదు, డ్రా కూడా చేసుకోలేదు. తమలో తాము 10-10తో డ్రా చేసుకున్న నాటర్ డేమ్, మిచిగన్ స్టేట్‌లను ఓటర్లు మొదటి రెండు స్థానాల్లో పెట్టి దాన్ని మూడో స్థానానికి నెట్టారు. అప్పటికి అలబామా జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు, ఓటర్ల మీద అదే పనిచేసిందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఏడాది జాబితాలో లేదు, 1941 ఉంది!

2017లో 13 మ్యాచ్‌లూ గెలిచిన సెంట్రల్ ఫ్లోరిడా ఒక కంప్యూటర్ ర్యాంకింగ్‌ను చూపించి తామే చాంపియన్లమంది. ప్లేఆఫ్ గెలిచిన అలబామా అభిమానులు పగలబడి నవ్వారు. హౌల్‌గేట్ మాట వాళ్లకు గుర్తుకు రాలేదు కాబోలు. అదే రాష్ట్రంలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం 2025లో 1910 లాంటి ఏళ్లను కలుపుకుని తన లెక్కను తొమ్మిదికి పెంచుకుంది. ఈ పోటీ ఇప్పట్లో ఆగేది కాదు.

జట్ల పుస్తకాల్లో ప్రతి ఏడాది పక్కనా టైటిల్ ఇచ్చిందెవరో, ఎప్పుడిచ్చారో, అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకు ఎంతో అచ్చువేస్తే చాలు. 1941 పక్కన '20వ స్థానం' అని రాయాల్సి వస్తే అలబామా వాళ్లకే చేయి రాదు.