పండుగనాటి సంతకము

పండుగకు పుట్టింటికి పోవుట మన ఆడుబిడ్డలకు సంవత్సరమంతయు ఎదురుచూచు భాగ్యము. పేదయింటను ఇది గలదు. కలిగినవారి యింటను గలదు. అయితే కలిగినవారి యింట ఈ సమాగమము పల్లెలోని పాతలోగిలిని విడిచి కొంతకాలముగా తోటబంగళాకు మాఱినది. హైదరాబాదునకు పడమట మొయినాబాదు, శంకరుపల్లి ప్రాంతములందును, భీమునిపట్నపు సముద్రతీరమునను ఇట్టి విడిదియిండ్లు వెలసినవి. సంవత్సరములో అధికభాగము తోటమాలి తప్ప అన్యుడు తొక్కని యీ యిండ్ల తలుపులు సంక్రాంతికి తెఱచుకొనును. అన్నదమ్ములు కార్లలో వత్తురు; అక్కచెల్లెండ్రు అత్తవారి యూళ్లనుండియు, కొందఱు సముద్రములు దాటియు వత్తురు. చూచువారికి ముచ్చటగనే యుండును. ఆ ముచ్చట వెనుక జరుగు నొక వ్యవహారమునుగూర్చి మేము నేడు వ్రాయదలచితిమి. అది అక్కచెల్లెండ్రచేత పండుగనాడు పెట్టించుకొను సంతకము.

ఇట్టి యొక పండుగను చదువరులు మనస్సున నిలుపుకొందురు గాక. తండ్రి యెనుబదియేండ్లవాడు. ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు. భోగినాడు మంటలు వేసిరి. పసిపిల్లలకు భోగిపండ్లు పోసిరి. అరిసెలు, జంతికలు పళ్లెములలో నిండియున్నవి. అందఱును మామిడితోట పూతనుగూర్చి మాటలాడుదురు, మనుమల పరీక్షలనుగూర్చి మాటలాడుదురు. బీరువాలోనున్న కాగితమునుగూర్చి మాత్రము ఎవ్వరును మాటలాడరు. పెద్దకోడలు ఆడుబిడ్డకు అవసరమునకు మించిన మర్యాద చేయును. అల్లుడు వార్తాపత్రిక వెనుక ముఖము దాచుకొనును. ఏ పసివాడైనను "ఈ తోట అత్తదికూడనా?" యని యడిగినచో పెద్దలు వానిని ఆటలకు పంపివేయుదురు. మఱునాడు కూతును పీటమీద కూర్చుండబెట్టి, పసుపు కుంకుమలతో పట్టుచీర యిత్తురు. చీర నందుకొన్న చేతికే కలమును ఇత్తురు. "ఇది వట్టి లాంఛనమమ్మా, ఆడిటరుగారు అడిగినారు" అని అన్నగారు నవ్వుచు చెప్పును. తల్లి కంటిసైగ చేయును. తండ్రి కిటికీవైపు చూచును.

ఆ కాగితము పేరు విడుదల దస్తావేజు. ఉమ్మడి ఆస్తిలో తనకుగల హక్కును తోడి హక్కుదారులకు విడిచిపెట్టు పత్రమది. నేడు భూమి కొనువారు కుమార్తెల సంతకము లేనిదే సొమ్ము చేతికీయరు. అన్నదమ్ములకు అక్కచెల్లెండ్రు జ్ఞప్తికి వచ్చుటకు అదియొక కారణము. స్థిరాస్తికి సంబంధించిన యిట్టి పత్రము 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ననుసరించి రిజిస్టరు కావలసియున్నది గనుక, పండుగ సెలవులు తీరిన మఱునాడే ఆమెను సబురిజిస్ట్రారు కచేరికి తోడ్కొనిపోవుదురు. పత్రములోని వాక్యములు ఒకే మూసలో పోసినట్లుండును. సోదరులయందలి ప్రేమాభిమానములచేత, ఎవరి నిర్బంధమును లేక, ఇష్టపూర్వకముగా హక్కును వదలుకొంటినని ఆమె చెప్పినట్లు వ్రాయుదురు. నిర్బంధము లేదట! క్రొత్తచీర ఒడిలో నుండగా, బంధువులందఱి నడుమ, కన్నతల్లి ముఖము చూచుచు "కాదు" అనుటకంటె న్యాయస్థానమున సాక్షిబోనులో నిలుచుట సులభము. కత్తి చూపినవాని నిర్బంధమును చట్టము పట్టుకొనగలదు. కుంకుమభరిణె చూపినవాని నిర్బంధమును ఎట్లు పట్టుకొనగలదు?

మా వాదమిది. ఆడుబిడ్డ తన భాగమును విడువనే కూడదని మేము అనుటలేదు. విడుచుటకు ముందు అది ఆమెదని యింటివారందఱును నోటితో ఒప్పుకొనవలెనని యనుచున్నాము. తనదని యొప్పుకొనబడని వస్తువును ఎవ్వరును దానము చేయజాలరు. నీకిందు ఏమియు లేదని ఒకవంక చెప్పుచు, లేనిదానిని మాకు వదలుమని మఱియొకవంక సంతకము గోరుట న్యాయమునకును సరిపడదు, తర్కమునకును సరిపడదు.

చట్టము ఆమెకేమి యిచ్చినదో ముందుగా చూతము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా వ్రాయక మరణించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకు కొడుకుతో సమభాగమిచ్చినది. కాని ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోడనే భాగస్వామురాలిగా ఆమెను అంగీకరింపలేదు. తల్లి గతించిన యొక యింట తండ్రియు, ఇద్దఱు కొడుకులును, ఒక కూతురును, 36 ఎకరముల ఉమ్మడి భూమియు ఉన్నవనుకొందము. తండ్రి మరణింపగా, మొదట తండ్రికొడుకులు మువ్వురును 12 ఎకరముల చొప్పున పంచుకొన్నట్లు భావించి, పిమ్మట తండ్రి 12 ఎకరములను ముగ్గురు బిడ్డలకు పంచెడివారు. కొడుకులకు తలకు 16 ఎకరములు. కుమార్తెకు 4 ఎకరములు! ఈ యసమత్వమును తొలగించిన మొదటి రాష్ట్రములలో మన తెలుగునేల యొకటియని చెప్పుకొనుట గర్వకారణమే. ఆంధ్రప్రదేశపు సవరణచట్టము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కుమార్తెను పుట్టుకతోడనే భాగస్వామురాలిని చేసినది. ఐనను ఆనాటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. ఒకే తల్లి బిడ్డలలో అక్కకు లేని హక్కు చెల్లెలికి కలిగెను. 2005 సెప్టెంబరు 9వ తేదీన అమలునకు వచ్చిన కేంద్రసవరణ ఆ భేదమును పోగొట్టినది. కుటుంబము నివసించు గృహమును మగవారసులు పంచుకొనదలచిననే గాని ఆడువారసులు విభాగ మడుగరాదని నిర్బంధించిన 23వ సెక్షనునుకూడ అదే సవరణ తీసివైచినది. 2020 ఆగస్టు 11వ తేదీన వినీతాశర్మ కేసులో సుప్రీముకోర్టు, 2005 నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదనియు, కుమార్తె హక్కు పుట్టుకతో వచ్చినదనియు తేల్చిచెప్పినది. హిందూకోడు బిల్లు సాగకపోవుట ముఖ్యకారణముగా 1951లో అంబేద్కరు మంత్రిపదవిని వదలుకొన్ననాటినుండి లెక్కించినచో ఈ తీర్పునకు 69 ఏండ్లు పట్టినవి. శాసనసభలును న్యాయస్థానములును అన్నియేండ్లకు సాధించి యిచ్చినదానిని ఒక పట్టుచీర ఒక్కపూటలో తిరిగి తీసికొనుచున్నది.

శాస్త్రమున ఆడుదానికి భాగము లేదని కొందఱు పెద్దలు అందురు. శాస్త్రమును చదివి యనిన బాగుండును. మన ప్రాంతమున చిరకాలము ప్రమాణముగా నిలిచినది యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర. పెండ్లికాని తోబుట్టువులకు సోదరులు నాలుగవపాలు ఇయ్యవలెనని స్మృతి చెప్పగా, అది వివాహవ్యయమునకు చాలినంత ధనమే యని కొందఱు అర్థము చెప్పిరి. విజ్ఞానేశ్వరుడు ఆ యర్థమును త్రోసిపుచ్చి, తండ్రి గతించిన పిదప కన్యయు భాగమునకు అర్హురాలే యని నిర్ణయించెను. అట్టి పాలు ఇయ్యని సోదరులు పతితులగుదురని మనుస్మృతియు హెచ్చరించుచున్నది. 13వ శతాబ్దముననే కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించినాడు. కావున తెలుగువారికి ఇది తెలియని సంగతి యనుటకును వీలులేదు. నాలుగవపాలు నేటి న్యాయమునకు చాలదు. కాని శాస్త్రము పేరు చెప్పి పాలే లేదనువారు శాస్త్రమిచ్చినంతయు ఇయ్యనివారు.

ఇక నిత్యము వినవచ్చు సమాధానములు. పెండ్లికి కట్నమిచ్చితిమి గదా యనుట మొదటిది. 1961 నాటి చట్టము ననుసరించి కట్నమిచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. తాము చేసిన నేరమును కుమార్తె ఖాతాలో ఖర్చు వ్రాయుట ఏ ధర్మము? ఆ సొమ్మును ఆమె కన్నులార చూచినదా? వియ్యంకుని పెట్టెలో పడినదానిని బిడ్డ కిచ్చితిమనుట ఆత్మవంచన.

ఆస్తి పరాయియింటికి పోవుననుట రెండవది. కుమార్తె కడుపున పుట్టినవారు పరాయివారా? కొడుకులు లేనిచోట దౌహిత్రునిచేత పిండము గైకొనుటకు సిద్ధపడు తాతకు, వానికి గుప్పెడు నేల పోవుటకు మాత్రము పరాయితనము గుర్తునకు వచ్చునా? అంతేకాదు. సంతానము లేని స్త్రీ వీలునామా వ్రాయక మరణించినచో, తల్లిదండ్రులనుండి వారసత్వముగా ఆమెకు వచ్చిన ఆస్తి తండ్రి వారసులకే తిరిగివచ్చునని 1956 చట్టపు 15వ సెక్షను చెప్పుచున్నది. పరాయియిల్లను భయమును పెంచువారు ఈ సెక్షనును ఒకసారి చదువవలెను.

తల్లిదండ్రులను పోషించినవారము మేము, భూమిని నిలిపినవారము మేము అనుట మూడవది. ఇందు సత్యము గలదు. దీనిని మేము తేలికగా త్రోసివేయము. అన్న చేసిన సేద్యమునకు, తీర్చిన అప్పునకు, పెట్టిన పెట్టుబడికి లెక్క కట్టి, ఆ మొత్తమును ముందుగా తీసి మిగిలినదానిని పంచుకొనుడు. కాని లెక్క యనగా ఇరువైపుల వ్రాయవలెను. తల్లి మంచముపట్టిన నెలలలో ఆసుపత్రివరండాలో రాత్రులు గడపిన కూతురి సేవకుకూడ ఆ పుస్తకమున నొక పంక్తి యుండవలెను. లెక్క చూపక, అంతయు మాదేయని యనువారు లెక్కకు భయపడుచున్నారనియే మా తలంపు.

ఆమెయే అడుగలేదుగదా యనుట నాలుగవది, అన్నిటికంటె క్రూరమైనది. ఆమె యేల అడుగలేదో యెవరికి తెలియదు? అడిగిన దినమున పుట్టిల్లు మూతపడును. మఱుసటి సంక్రాంతికి పిలుపు రాదు. ఆమె బిడ్డ పెండ్లికి మేనమామ రాడు. తన భాగము కావలెనా, పుట్టిల్లు కావలెనా యని ఆమె నడుగుదురు. ఆ ప్రశ్న అన్నగారి నెవ్వరైన అడిగిరా? భాగమును, తండ్రియిల్లును, తల్లి దీవెనయు ఆయనకు మూడును గలవు. చట్టము ఇద్దఱికిని సమముగా నిచ్చిన హక్కునకు ఆచారము ఒకరియొద్దనే సుంకము వసూలుచేయుచున్నది. మేము ఖండించుచున్నది ఈ సుంకమును.

కోడండ్రతోకూడ ఒక మాట చెప్పవలసియున్నది. ఆడుబిడ్డచేత సంతకము పెట్టించుటకు నేడు చీర మడతలు సరిచేయు వదినగారు, తన పుట్టింట తనచేత పెట్టించుకొన్న సంతకమును మఱచినదా? ఒకయింట కోల్పోయినదానిని మఱియొక యింట గడించితినని ఆమె తలంచును. నిజమునకు గడించినది ఆమె భర్త, ఆమె కోల్పోయినదియే. అల్లుండ్రయందును దోషము లేకపోలేదు. భార్య నోట తన లోభమును పలికించి, వచ్చిన భాగమును తనపేర మార్పించుకొను అల్లుడు అన్నగారికంటె మేలైనవాడు కాడు. ఆమె భాగము ఆమెపేరనే యుండవలెను.

ఆంగ్లసాహిత్యము చదివినవారికి లియరురాజు కథ తెలిసినదే. ముసలిరాజు కొలువుతీర్చి, ముగ్గురు కుమార్తెలలో ఎవరికి తనయం దెక్కువ ప్రేమగలదో చెప్పుమని, చెప్పిన మాటలనుబట్టి రాజ్యమును పంచెను. నిండుకొలువులో ప్రేమను వెలకట్టుటకు ఒప్పుకొనని కడగొట్టుబిడ్డకు ఏమియు దక్కలేదు. మన తోటబంగళాలలో జరుగునదియు ఆ కొలువే. భేదమొక్కటి గలదు. అచ్చట మాటాడిన కుమార్తెలకు రాజ్యము వచ్చెను. ఇచ్చట మాటాడక సంతకము పెట్టిన కుమార్తెకు ప్రేమగలదని ప్రశంస వచ్చును. ఆస్తిని కొలకఱ్ఱగా చేసి ప్రేమను కొలిచిన యే గృహమునను తుదకు ప్రేమ నిలువదు.

కావున చేయవలసిన దేమి? పండుగదినములలో ఏ పత్రముమీదను సంతకము గోరరాదని ప్రతి కుటుంబమును నియమము పెట్టుకొనవలెను. పత్రముయొక్క ముసాయిదాను నెలదినములు ముందుగా కుమార్తెకు పంపి, ఆమె తనకు నచ్చిన వకీలును సంప్రదించుటకు అవకాశమీయవలెను. ఇంటి ఆస్తులెన్ని, అప్పులెన్ని, ఆమె పాలెంత, దాని వెల యెంత యను వివరములు ఆ ముసాయిదాలో నుండవలెను. అది చదివిన పిమ్మట ఆమె తన భాగమును పుచ్చుకొనినను, వెలకు అమ్మినను, తమ్మునికి సంతోషముగా నిచ్చినను అది ఆమె యిష్టము. ఆనాడే "ప్రేమాభిమానములచేత" అను మాటకు అర్థము గలుగును. తన స్వార్జితమును తండ్రి వీలునామాచేత ఇష్టమువచ్చినవారికి వ్రాయవచ్చును. చట్టము అక్కడ ఆగిపోవును. ధర్మము ఆగదు. అట్టి తండ్రి కన్నుమూయకముందే బిడ్డలందఱిని పిలిచి తన నిర్ణయమును, దాని కారణమును తన నోటనే చెప్పవలెను. కిటికీవైపు చూచుట తండ్రితనము కాదు.

ఈ మాటలు ఇండ్లలో కలహములు పెంచునని కొందఱు మామీద నింద వేయవచ్చును. కలహము ఇదివఱకే ఆ యింటనున్నది; అది అరిసెల పళ్లెము చుట్టును మౌనముగా కూర్చుండియున్నది. మాటాడుటచేత అది పుట్టదు. బయటపడును, బయటపడినది తీఱును. మేము బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువారము. 36ను ముగ్గురికి సమముగా పంచిన నెంతవచ్చునని యడిగినచో మూడవతరగతి బాలుడు తడవుకొనక చెప్పును. సెలవులకు తోటబంగళాకు పోయిన ఆ బాలుడు, తన యింటి పెద్దలు ఆ లెక్కకే వేఱొక జవాబు వ్రాయుట కన్నులార చూచి మరల మా యొద్దకు వచ్చుచున్నాడు. వానికి మేమే సమాధానము చెప్పవలెనో ఆ పెద్దలే సెలవీయవలెను.