ఆటా? జూదమా?

కిందటి సంవత్సరం ఒక హాస్టల్లో (ఏ హాస్టలైతేనేం లెండి!) ఆదివారం మధ్యాహ్నం వరండాలో ఇద్దరు కుర్రాళ్ళు ముక్కలు పరుచుకుని ఆడుకుంటున్నారు. మరో నలుగురం చుట్టూ చేరి చూస్తున్నాం. వార్డెన్ గారు అటుగా వచ్చారు. ముక్కలు చూశారు. "చదువుకోమని మీ అమ్మానాన్నలు పంపిస్తే, పేకాటా?" అని రెండు కట్టలూ ఊడ్చి పట్టుకుపోయారు. నిజానికి వాటి మీద ఆసులూ లేవు, జాకీలూ లేవు. పచ్చటి ఎలుకపిల్ల ఒకటి, తోక చివర మంట వెలిగే బల్లి ఒకటి, ఇలాంటి వింత జంతువుల బొమ్మలున్నాయి. "సార్, ఇది పేకాట కాదండీ, పోకెమాన్ అండీ" అని ఒకడు గొణిగాడు. "ఏ మాన్ అయితేనేం? ముక్కలు ముక్కలే!" అని ఆయన తీర్పు చెప్పేశారు.

ఆ వారమంతా మెస్సులో ఇదే చర్చ. వార్డెన్ గారిది ముమ్మాటికీ న్యాయమే అన్నవాళ్ళు కొందరు. చిన్నపిల్లల బొమ్మలతో కాలేజీ వాళ్ళకేం పని అని నవ్వినవాళ్ళు కొందరు. దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్ ఉందిరా అని ఒకడంటే, గోళీలాటకు కూడా పెడతారేమో అని మరొకడు వెక్కిరించాడు. నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తరువాత కుతూహలం కొద్దీ సంగతులు తెలుసుకున్న మీదట నా నవ్వు కాస్త తగ్గింది. అలాగని పూర్తిగా భక్తుణ్ణీ కాలేదు. ఈ రెండింటికీ మధ్య నా అభిప్రాయం చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందు చరిత్ర. సతోషి తజిరి అనే జపాను కుర్రాడికి చిన్నతనంలో పురుగులు పట్టి పోగుచేయడం సరదా. ఊరు పెరిగింది, పొలాలూ నీటి మడుగులూ ఇళ్ళ కింద పోయాయి, పురుగులూ పోయాయి. పెద్దయ్యాక, గేమ్ బాయ్ అనే చేతి యంత్రాలు రెండింటిని కలిపే తీగను చూసినప్పుడు, దాని మీద పురుగులు ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకుతున్నట్టు ఆయనకొక ఊహ వచ్చింది. ఆ ఊహే 1996 ఫిబ్రవరిలో పోకెమాన్ వీడియో గేమ్‌గా బయటికొచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో జపానులో ముక్కల ఆటా వచ్చింది. మన పిల్లలు తొలకరి వానలకు ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెల్లో దాచుకుని, బడిలో ఒకరికొకరు చూపించుకోవడం లేదూ? ఆ సరదాయే ఇది. మనం అగ్గిపెట్టె దగ్గర ఆగాం, ఆయన ఆగలేదు.

ఈ ముక్కల ఆటకు ప్రపంచ చాంపియన్‌షిప్ ఇప్పటి రూపంలో 2004లో అమెరికాలోని ఆర్లాండోలో మొదలైంది. 2009లో శాన్ డియాగోలో వీడియో గేమ్ పోటీ దానికి తోడైంది. మొదట్లో అంతా అమెరికాలోనే జరిగేది. 2013లో కెనడాలోని వాంకూవర్‌కి వెళ్ళింది. కరోనా మూలంగా 2020, 2021లలో జరగలేదు. 2022లో లండన్, 2023లో యోకహామా, 2024లో హోనొలులూ, 2025లో అనహైమ్ వేదికలయ్యాయి. ఆట పుట్టింది జపానులోనైనా, పోటీ పుట్టింటికి చేరడానికి 2023 దాకా పట్టిందన్నమాట! ఆటగాళ్ళను వయసును బట్టి జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు తరగతులు చేస్తారు. పదేళ్ళ పిల్లవాడూ, ఉద్యోగం చేసుకునే పెద్దాయనా ఎవరి తరగతిలో వారు ఒకే హాలులో ఆడతారు.

ఇంతకీ అసలు ప్రశ్న: ఇది తెలివా, అదృష్టమా?

ముక్కల ఆటలో ఒక్కొక్కరి కట్టలో సరిగ్గా 60 ముక్కలుండాలి. మూలశక్తి ముక్కలను మినహాయిస్తే, ఒకే పేరు గలవి నాలుగుకు మించి పెట్టకూడదు. ఆ కట్ట ఎలా కూర్చాలన్నది ఆటగాడి ఇష్టం. మొదట చేతికి ఏడు ముక్కలు వస్తాయి. నాలుగేసి పెట్టుకున్న ఒక ముక్క ఆ మొదటి ఏడింటిలో ఒక్కటైనా పడే అవకాశం నూటికి 40. (మా గణితం లెక్చరర్లు సరిచూసుకోవచ్చు, తప్పయితే మార్కులు తగ్గించవచ్చు.) అంటే నూటికి 60 సార్లు మనం కోరుకున్నది రాదు. ముక్క పడడం ముమ్మాటికీ అదృష్టమే. పడనప్పుడు ఏం చేయాలో కట్ట కూర్చేనాడే ఆలోచించి పెట్టుకోవడం మాత్రం తెలివి. ఒక్క ఆటలో అదృష్టం గెలిపించవచ్చు. అందుకే పెద్ద పోటీల్లో మూడింట రెండు గెలవాలన్న పద్ధతి పెట్టి, ఎన్నో రౌండ్లు ఆడిస్తారు. ముక్కల ఆటలో అమెరికా ఆటగాడు జేసన్ క్లాజిన్‌స్కీ 2006, 2008, 2013లలో మూడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. వీడియో గేమ్‌లో రే రిజ్జో 2010 నుంచి 2012 దాకా వరుసగా మూడేళ్ళు గెలిచాడు. అదృష్ట దేవతకు ఒకే మనిషి మీద అంత మోజు ఉంటుందంటే నేను నమ్మను.

ఈ అదృష్టం, నైపుణ్యం తగాదా మన గడ్డకు కొత్తదీ కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది. మూడు ముక్కలాట లాగా రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది ఆ తీర్పు సారాంశం. అయితే అదే తీర్పులో ఒక మెలిక కూడా ఉంది. పందెం కాసి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తుంటే అప్పుడు సంగతి వేరని న్యాయమూర్తులు హెచ్చరించారు. ఆ తరువాత డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ ఎన్ని కొంపలు కూల్చిందో మనకు తెలుసు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధిస్తూ చట్టాలు సవరించుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌ను ఒక గట్టునా, ఆన్‌లైన్ పందెం ఆటలను మరో గట్టునా పెట్టింది.

అంచేత వార్డెన్ గారు అడగవలసిన ప్రశ్న "చేతిలో ముక్కలున్నాయా?" అని కాదు. "మధ్యలో డబ్బుందా?" అని. ఆ ఆదివారం వరండాలో డబ్బు లేదు. రెండు గ్లాసుల చల్లారిన టీ ఉంది. అంతే.

వీడియో గేమ్ సంగతి ఇంకా చిత్రం. ఆరు జంతువుల జట్టుతో వచ్చి, ఎదుటివాడి ఆరింటినీ చూసి, మనవాటిలో నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున బరిలోకి దింపాలి. ఇద్దరూ ఒకేసారి ఎత్తు వేస్తారు. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు చూసి మనం ఆలోచిస్తాం. ఇక్కడ అతడు ఏం చేయబోతున్నాడో ముందే పసిగట్టాలి. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన పోటీలో దక్షిణ కొరియా యువకుడు సెజున్ పార్క్ తన జట్టులో పచిరిసు అనే ఉడుతను తెచ్చుకున్నాడు. బలమైన జంతువులు అన్ని ఉండగా దాన్ని పట్టించుకునేవారే లేరు. కాని ఆ ఉడుతకు ఒక విద్య ఉంది. పక్కవాడి మీదికి వచ్చే దెబ్బను తన మీదికి లాక్కుంటుంది. అది దెబ్బలు కాస్తుంటే పక్కనున్న బలశాలి తన పని కానిచ్చాడు. ఆ ఉడుతతోనే ఆయన ప్రపంచ విజేత అయ్యాడు. ఉడుత సాయం అంటే చిన్న సాయమని మనం తేలిగ్గా అనేస్తాం. వారధి కట్టినవాడు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు, వీపు నిమిరాడు.

ఇంతవరకూ పొగిడాను. ఇక రెండో వైపు కూడా చూడాలి కదా.

మొదటి మాట. చదరంగానికి యజమాని లేడు. కబడ్డీకి లేడు. ఈ ఆటకు ఉన్నాడు. నిబంధనలు కంపెనీవే, ముక్కలు కంపెనీవే, పోటీ కంపెనీదే. కొత్త ముక్కలు వస్తున్న కొద్దీ పాతవి ప్రామాణిక పోటీలకు చెల్లకుండా పోతాయి. ఆటలో కొత్తదనం ఉండాలంటే అది అవసరమని వాళ్ళంటారు. కావచ్చు. కాని ఆ కొత్తదనపు ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది? పైగా పొట్లం విప్పేదాకా లోపల ఏ ముక్క ఉందో తెలియదు. ఆడేటప్పుడు లేని జూదం కొనేటప్పుడు ఉందన్నమాట! వార్డెన్ గారి కోపం కాస్త దారి మళ్ళి అటు వెళ్ళి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

రెండో మాట. ప్రపంచ పోటీకి వెళ్ళాలంటే ముందు ఇతర పోటీల్లో ఆడి అర్హత సంపాదించాలి. అంటే ప్రయాణాలు, సెలవులు, పాస్‌పోర్టు, వీసా. "ప్రపంచ" అన్న మాట బాగానే ఉంది. ఆ ప్రపంచంలోకి రైల్లో జనరల్ బోగీలో వెళ్ళేవాడికి ఎంత చోటుంది?

మూడో మాట. 2023లో యోకహామాలో వీడియో గేమ్ ఆటగాళ్ళు కొందరిని పోటీ నుంచి తొలగించారు. వాళ్ళ జంతువులు ఆటలో పెంచినవి కావు, బయటి సాధనాలతో తయారుచేసినవి అని తనిఖీలో తేలింది. నిబంధన నిబంధనే, ఉల్లంఘించినవాణ్ణి నేను వెనకేసుకురాను. అయితే జట్టును న్యాయంగా పెంచడానికి చాలా గంటలు పడుతుందని, అన్ని గంటలు అందరికీ ఉండవని వాళ్ళ తరఫున కొందరు వాదించారు. ఆ వాదన నాకు కొత్తగా అనిపించలేదు. పరీక్షల ముందు కాపీ చీటీలు రాసుకునేవాడూ ఇదే మాటంటాడు! ఒకటి మాత్రం నిజం: ఆట తెలివిని పరీక్షించాలి గాని తీరికను కాదు.

ఇన్ని లోపాలున్నా, 2024లో హోనొలులూలో జరిగినది తలచుకుంటే మనసు మళ్ళీ మెత్తబడుతుంది. ముక్కల ఆట సెమీఫైనల్ గెలిచిన అమెరికా ఆటగాణ్ణి, ఆట ముగిశాక చేసిన అనుచితమైన సైగకు అక్కడికక్కడే తొలగించారు. ఓడిన చిలీ యువకుడు ఫెర్నాండో సిఫుయెంతెస్ ఫైనల్‌కి వెళ్ళి ప్రపంచ విజేత అయ్యాడు. ఊరికి తిరిగివచ్చాక ఆ దేశాధ్యక్షుడే అతణ్ణి తన భవనానికి పిలిచి అభినందించాడు. గెలుపుకన్నా నడవడి పెద్దదని అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రపంచ కప్పు అంచున నిలబడి ఆ మాట అమలుచేసినవాళ్ళు తక్కువ.

మన దగ్గర ఏమవుతోంది? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్ మాస్టర్ అయ్యాక చదరంగం బల్లల్ని చూసే చూపు మారింది. అంతకుముందు "ఎప్పుడూ ఆ గళ్ళేనా, పుస్తకం తియ్యి" అన్న ఇళ్ళే ఎక్కువ. గెలిచాక గౌరవించడం అందరూ చేసే పనే. గెలుపు రాకముందు ఆడనివ్వడం కాస్త కష్టమైన పని. విద్యాసంస్థ చేయవలసింది ఆ రెండోదే.

అంచేత మన యూనియన్‌కు నా మనవులు మూడు. ఒకటి, కామన్ రూంలో కారమ్స్ పక్కన ఈ ఆటకూ ఒక బల్ల వేయించండి. మనలో మనం ఆడుకునేదానికి ఖరీదైన ముక్కలు అక్కర్లేదు. అట్ట మీద రాసుకున్నవి చాలు. అసలు పోటీకి పనికిరావు గాని, బుద్ధికి పదును పెట్టడానికి పనికొస్తాయి. పైసా పందెం కనిపిస్తే ఆ బల్ల ఎత్తేయండి. రెండు, ఆ బల్ల దగ్గరికి ఆడపిల్లలు కూడా మొహమాటం లేకుండా రాగలిగేట్టు వేళలు పెట్టండి. మూడోది ముఖ్యమైనది. మన పులిజూదం, వామనగుంటలు, అష్టాచెమ్మా నిబంధనలు ఊరికో తీరుగా ఉన్నాయి. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ అడిగి రాసుకురండి. పాత గుళ్ళ అరుగుల మీద చెక్కిన పులిజూదం గళ్ళు ఇంకా ఉన్నాయి. ఆడేవాళ్ళే కరువయ్యారు. జపాను పురుగుల సరదా ప్రపంచ పోటీ అయినప్పుడు, మన పులీ మేకా కనీసం అంతర్ కళాశాలల పోటీ అయినా కాకూడదా?

ఆ రెండు కట్టలూ ఇప్పటికీ వార్డెన్ గారి బీరువాలోనే ఉన్నాయి. ఆయన మీద మాకు కోపం లేదు. పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్ళను ఆయన తరం కళ్ళారా చూసింది, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కాని ఒక ఆదివారం ఆయన ఆ కట్టలు పట్టుకుని కామన్ రూంకి రావాలని, ఒక కట్ట తాను ఉంచుకుని రెండోది ఆ కుర్రాడికి ఇచ్చి "ఏదీ, నేర్పించరా చూద్దాం" అనాలని నా కోరిక. మొదటి ఆట ఆయన తప్పకుండా ఓడిపోతారు. మూడింట రెండు పద్ధతి కనుక, ఇంకా రెండు ఆటలుంటాయి.