పిలుపుకు తగిన పునాది

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను వరద ముంచెత్తినప్పుడు అందరి కళ్లూ పోచారం ఆనకట్ట మీదే నిలిచాయి. నిజాం కాలంలో, 1922లో పూర్తయిన కట్ట అది. అంచనాకు మించిన వరద పైనుంచి పొర్లింది. పక్కన మట్టి కోతకు గురైంది. రాతికట్టడం మాత్రం నిలిచింది.

దాన్ని నిలబెట్టింది ఆనాడు చేసిన పని కాదు, నూరేళ్ల కిందటి పునాది. మత్తయి 7వ అధ్యాయంలో ప్రభువు బండమీది ఇంటిని గురించి నేర్పిందీ ఇదే. వినడం ఒక్కటే పునాది కాదు, విన్నది చేయడమే పునాది.

దేవుని ఆహ్వానానికి మన జవాబు బాప్తిస్మం రోజుతో ముగియదు. లూకా 14లో విందుకు పిలుపు అందినవారు చెడ్డ పనులేవీ సాకుగా చెప్పలేదు. పొలం, ఎడ్లు, పెళ్లి అన్నారు. మన సాకులూ అలాంటివే: నాట్లు, కోతలు, పిల్లల చదువులు.

ఇలాంటి వరదల్లో పంట పోగొట్టుకున్న కౌలురైతు పేరున పట్టా ఉండదు. పరిహారం చాలాసార్లు పట్టాదారుకే చేరుతుంది. సంఘంలో భూమి ఉన్నవారు ఆ సొమ్మును, ఏ మతమని అడగకుండా, సాగు చేసినవారి చేతిలో పెడితే అదే భక్తిజీవితం. మన పాటలకన్నా ముందు పొరుగువారు చూసేది దాన్నే.

వరద వచ్చాక పునాది వేయలేం. ప్రభువు పిలుస్తుండగానే వేసుకుందాం.