రాజమహేంద్రవర పురమందిరము

కోటను రాజు కట్టించును. కోవెలను భక్తులు కట్టింతురు. కచేరీని దొరతనమువారు కట్టింతురు. పురజనులు పురజనులుగా సమావేశమగుటకై వెలయు కట్టడము పురమందిర మొక్కటియే. అట్టి మందిరము రాజమహేంద్రవరమునకు 1890వ సంవత్సరమున లభించినది. అందులకు బూనినవారు మహారాజు కారు, జమీందారు కారు, కలెక్టరును కారు. కళాశాలలో తెలుగు బోధించి జీతముపై జీవించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఈ యొక్క విషయము మనస్సున నిలిచినచో, ఆ మందిరముపట్ల మన విధి యేమో వేఱుగా జెప్ప నక్కఱలేదు. నిలువకున్నదేమో యను శంకచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆకాలపు స్థితిని స్మరింతము. రాజమహేంద్రవరమునకు పురపాలక సంఘము 1865లో నేర్పడెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చిన తీర్మానమును వెలువరించెను. ఆ వెనుక 1884లో చెన్నరాజధానియందు జిల్లా పురపాలక శాసనము వచ్చెను. వీధిదీపములను గూర్చియు, మంచినీటిని గూర్చియు, పన్నులను గూర్చియు మాటలాడు హక్కు పౌరులకు గొంతగొంతగా సంక్రమించుచుండెను. కాని యెచ్చట కూర్చుండి మాటలాడవలెను? దేవాలయ మండపమున నందఱికిని ప్రవేశము లేదు. సత్రమున ధర్మకర్త యనుమతి వలయును. జమీందారుగారి దివాణమున చేతులు కట్టుకొని నిలువవలయును. కచేరిలో నర్జీదారుగా దప్ప నడుగిడుటకు వీలులేదు. ప్రతి గడపకును నొక యజమానుడు గలడు. ఎవరి యనుగ్రహమును లేక ప్రవేశింపదగిన గడప యూర నొక్కటియు లేకుండెను.

ఈ కొఱత పంతులుగారికి స్వానుభవమున దెలిసినది. 1874లో వివేకవర్ధనిని స్థాపించి లంచగొండితనమును, దురాచారములను నిర్భయముగ ఖండించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహమును జరిపించి, బంధువుల యొక్కయు, పురోహితుల యొక్కయు బహిష్కారమునకు గుఱియైరి. ఎన్నో తలుపులు తమకు మూయబడినపుడు, అందఱికిని దెఱచియుండు తలుపు విలువ యెఱుగుట సహజము. ఇందొక విశేషము గమనింపదగియున్నది. తమ మతవిశ్వాసమునకై పంతులుగారు 1887లో బ్రహ్మమందిరమును వేఱుగా నిర్మించిరి. పురమందిరమును దానితో గలుపలేదు. మొదటిది తమ మతమువారికి. రెండవది తమ్ము దూషించువారికి సయితము. పత్రికలో వ్రాసినవాడు వ్రాయును, చదివినవాడు చదువును. ప్రతిపక్షి యెదుట నిలిచి ప్రత్యుత్తర మిచ్చుటకు సభాస్థలము వలయును.

చెన్నపట్టణమునందలి విక్టోరియా పబ్లిక్ హాలును ఆ సంవత్సరములదే. దానికి 1883లో శంకుస్థాపన మొనర్చినవారు విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు. చిత్రరచన ప్రసిద్ధ శిల్పి చిషోముది. ఎఱ్ఱయిటుకయు, నున్నతమైన బురుజును గల యా సౌధమును జూచి యాశ్చర్యపడనివారు లేరు. కాని పురమందిర శిల్పమునకు జీవము బురుజునందు లేదు. గదియొక్క యమరికయందు గలదు. కోవెలయందు మండపమునుండి గర్భగృహమునకు బోవుకొలది స్థలము ఇఱుకగును, వెలుతురు తగ్గును. తుదకు మిగులువాడు అర్చకుడు. దర్బారునందు చూపులన్నియు నెత్తయిన సింహాసనముమీదనే నిలుచును. పురమందిరమున నట్లు గాదు. అది విభాగములు లేని యొకే విశాలశాల. గాలికిని, వెలుతురునకును, జనులకును సమానముగ ద్వారములుండవలెను. వెనుకవరుసలోనివాని ప్రశ్న వేదికమీదివానికి వినబడవలెను. ఇదియే దాని శిల్పశాస్త్రము. ఇదియే దాని రాజనీతి.

పురమందిరము వెలసినపుడు గోదావరిపై రైలు వంతెన లేదు. హేవలాకు వంతెనమీద రాకపోకలు 1900లో నారంభమయ్యెను. ఆ వంతెనకు 1997లో విశ్రాంతి నిచ్చిరి. అంతకు మునుపే క్రొత్త వంతెనలు సిద్ధమై యుండుటచే ప్రయాణము నిలువలేదు. మఱి పురమందిరమునకు బదులు మన మేమి సిద్ధపఱచుకొంటిమి? కల్యాణమండపములు వీధి కొకటి గలవు. అద్దె చెల్లింపగలవానికే వాని తలుపులు తెఱచుకొనును. ప్రభుత్వ సభాభవనములు గలవు. అచ్చట ననుమతి వలయును. చేతిలోని ఫోనే మాకు సభ యనువారును గలరు. ఆ సభలో నెవనికి వాని పక్షమే వినబడుచున్నది. ప్రతిపక్షి ముఖము కానరాదు. కనుక 1890కి బూర్వమున్న కొఱత వేఱు వేషమున మరల వచ్చినదని మా యభిప్రాయము.

పాతకట్టడములయెడ నూళ్లన్నిటను వినబడు వాదమొకటి గలదు. “నేల వెల పెరిగినది. పడగొట్టి యంగళ్లు కట్టినచో నాదాయము వచ్చును గదా” యందురు. పంతులుగారికి లెక్కలు రాకపోలేదు. ఆయన 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని లోకోపకారమునకు ధారపోసిరి. నేలకు వెలగట్టుట యెఱిగియే, వెలగట్టరాని వస్తువులు గలవని నిర్ణయించుకొనిన మహాశయులు వారు. వారి జన్మగృహము స్మారకముగ రక్షింపబడుచున్నది, సంతోషమే. కాని గృహము వారిది, మందిరము మనది. వారి యింటికి దండవేసి, మన యింటిని బాడుపెట్టుట గౌరవము కాజాలదు.

కర్తవ్యము దుష్కరము గాదు. మొదటిది మరమ్మతు. సున్నపు పాత కట్టడములపై సిమెంటు పూసినచో లోని తేమ బయటికి రాక గోడ చివికిపోవును. సున్నమునకు సున్నమే వలయును. రెండవది వినియోగము. స్వల్పమైన రుసుముతో కుల మత పక్ష వివక్షత లేక సభల కొసంగవలెను. మూడవది లెక్క. జమాఖర్చులు ప్రతివర్షము పౌరుల యెదుట నుంచవలెను. ఏప్రిలు 16, పంతులుగారి జయంతినాడు, ఆ వేదికమీద స్తోత్రపాఠములకు మాఱుగా నగర సమస్యపై నుభయపక్షముల వాదము జరుగుట యుచితము.

డెల్టా భూస్వాములకొక విన్నపము. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిదప నీ సీమకు గలిగిన సంపద యందఱెఱిగినదే. కల్యాణమండపములకు, గోపురములకు దారాళముగ నిచ్చు చేతులు పురమందిరముపట్ల మాత్ర మేల ముడుచుకొనవలెను? రాజమహేంద్రవరమను ప్రాచీననామమును నగరము 2015లో మరల ధరించినది. పేరు మార్చుటకు ప్రభుత్వపు టుత్తర్వు చాలును. పౌరులు కూడి మాటలాడు నలవాటు నిలుచుటకు మాత్రము పౌరులే రావలెను. మందిరము తలుపులు తెఱచియుంచుట పాలకుల ధర్మము; లోనికి వచ్చి కూర్చుండుట మన ధర్మము.