ఎనిమిదేండ్ల యాట



అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు అను పట్టణము గలదు. 1891వ సంవత్సరమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన దచ్చటనే. ఆయన పేర నచ్చట నొక హాల్ ఆఫ్ ఫేమ్, అనగా కీర్తిమందిరము, వెలసినది. ఆ యాటలో మేటివారి నెంచి యేటేట నందు జేర్చుకొందురు. 2025లో నట్లు చేరినవారిలో మాయా మూర్ అను నామె యొకతె. అమెరికా స్త్రీల వృత్తిపోటీలలో నామె యాడినది 2011 మొదలు 2018 వరకు, ఎనిమిదేండ్లు మాత్రమే. ఇరువదితొమ్మిదేండ్ల ప్రాయమున, బలము సడలకమునుపే, ఆట విడిచెను. నడుమ విడిచినవారికి నింత గౌరవము తగునా యను ప్రశ్న పుట్టక మానదు.

ఈ ప్రశ్నను మేము త్రోసివేయము. చిరకాలము నిలుచుటయు నొక ప్రతిభయే. మోకాళ్లు నొచ్చుచున్నను, చిన్నవారు మించి వచ్చుచున్నను, ఓటమి నోర్చి మరల నాటకు దిగుటకు వేరొక ధైర్యము గావలెను. అదే సంవత్సరమున మందిరము జేరిన స్యూ బర్డ్ ఆ పోటీలలో పందొమ్మిది సీజను లాడెను. అట్టి పరీక్షకు మూర్ నిలువలేదనుట నిజమే.

ఇక రెండవ వైపు చూతము. కనెక్టికట్ విశ్వవిద్యాలయమున నామె యాడిన నాలుగేండ్లలో నా జట్టు 150 ఆటలు గెలిచి, నాలుగు మాత్రమే యోడెను. పిదప నామె చేరిన మినెసోటా లింక్స్ జట్టు 2011, 2013, 2015, 2017 సంవత్సరములలో విజేత యయ్యెను. 2014లో నామె యుత్తమ క్రీడాకారిణిగా నెన్నికయ్యెను. 2012లో లండనునందును, 2016లో రియోయందును ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన జట్లలో నామె యుండెను. పందొమ్మిది సీజనులలో బర్డ్ పొందిన లీగు విజయములును నాలుగే. దీనిచే బర్డ్ తక్కువ యని కాదు. భారతమున భీష్ముని పూజించు మనము అభిమన్యుని మరువము గదా!

ఆమె విడిచిన కారణమును గూడ వినుడు. మిస్సోరి రాష్ట్రమున నొక యువకునిపై నేరము మోపి, 1998లో నేబదియేండ్ల శిక్ష విధించిరి. అది యన్యాయమని నమ్మిన మూర్ 2019లో ఆట మాని, యాతని విడుదలకై పాటుపడెను. 2020లో న్యాయస్థానము ఆ తీర్పును గొట్టివేయగా నాతడు బయటికి వచ్చెను. ఈ త్యాగమునకు మెచ్చి యామెకు పీఠ మిచ్చిరనుట మాత్రము మాకు సమ్మతము గాదు. ఆ పుణ్యమునకు ఫలము ఆ మనుష్యుని స్వేచ్ఛయే. ఆటకు గౌరవము ఆటవలననే రావలెను; ఆమె యాట దానికి చాలియున్నది. త్యాగమును దెచ్చి తూకమున వేసినచో, ఆమె యెనిమిదేండ్ల శ్రమను మనమే తక్కువ చేసినవార మగుదుము.

మన యిండ్లలోను వీణ మూలబెట్టినవారు, చదువు నడుమ మానినవారు గలరు. మూర్ వలె తామై విడిచినవారు గొందరు. విడువవలసి వచ్చినవారు పెక్కుమంది. "మానితివి గదా, యింక దాని మాట యేల?" యని వారితో మన మెన్నిసార్లు అనలేదు! చక్కగ నేర్చినదానిని, మానిన కారణమున, నేర్వనిదానిగ నెంచుట న్యాయము గాదు. వచ్చు పేరంటమున నట్టి సోదరి యున్నచో, ఒక కీర్తన వినిపింపుమని యడుగుడు.