సంచుల్లోకి ఎక్కని చెత్త

పోయిన మూడో శనివారం మా ఊళ్లో చెత్త ఏరాం. మాది కొల్లేరు పక్క ఊరు. 2025 జనవరిలో స్వచ్ఛాంధ్ర మొదలైన కాడ్నించీ నెలనెలా ఇదో పండగ. చేతికి గ్లౌజులు, వెనకాల బ్యానరు, ఎదురుగా ఫోను. కుర్రోళ్లం పద్నాలుగు మందిమి రెండు గంటలు వంగి ఏరితే పదకొండు గోతాలు నిండాయి. గుట్కా కవర్లు, వాటర్ ప్యాకెట్లు, బిర్యానీ డబ్బాలు. ఫొటోలు దిగాం, ఎవడి స్టేటస్ వాడు పెట్టుకున్నాడు. గోతాలు పట్టుకెళ్లే బండి మాత్రం రాలేదు. మర్నాడు చూస్తే సగం గోతాలు కాలవ గట్టు కిందకి దొర్లి ఉన్నాయి.

దాని మీద నాకు పెద్ద కోపం లేదు. బండి వచ్చే నెలకైనా వస్తుంది. నన్ను తొలిచేది ఇంకోటి. మేం ఏరతన్నంత సేపూ ఆ కాలవలో నల్లటి నీళ్లు పోతానే ఉన్నాయి. ఎవరో చేపల చెరువు ఖాళీ చేస్తన్నారు. కంపుకి మూతికి రుమాళ్లు కట్టుకుని మరీ ఏరాం గానీ, ఆ చెరువు ఎవరిదని ఒక్కడూ అడగలేదు. అడగక్కర్లేదు, అందరికీ తెలుసు. అది మా పెదనాన్నది.

నేనేదో సుద్దపూసనని చెప్పట్లేదు. మా ఇంట్లో తినేదీ చెరువు తిండే. తాడేపల్లిగూడెంలో నా హాస్టల్ ఫీజు కట్టింది శీలావతి, బొచ్చె చేపలే. మూడేళ్ల కిందట మబ్బు పట్టిన రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి చేప తెల్లగా తేలిపోయింది. అమ్ముడైంది అమ్మి, మిగిలిన కుళ్లు చేపని ట్రాక్టర్‌లో వేసి రాత్రికి రాత్రి డ్రెయిన్లో పోసొచ్చాం. గోతి తీసి సున్నం వేసి పూడ్చాలని నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు. ట్రాక్టర్ తోలింది నేనే.

అది ఎక్కడికి పోద్దని ఆ రాత్రి ఆలోచించలా. కొల్లేరు అటు కృష్ణా డెల్టాకీ ఇటు గోదావరి డెల్టాకీ మధ్యన పళ్లెంలా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కలేనన్ని డ్రెయిన్లు అందులోనే పడతాయి. బెజవాడ మురుగు బుడమేరు తెస్తుంది, ఏలూరు మురుగు తమ్మిలేరు తెస్తుంది. వచ్చే దారులు అన్నైతే బయటకి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచాక ఆ నీళ్లు మన మీదకొచ్చాయి. రోడ్డెక్కి ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆపేశాయి. టీవీలోళ్లు వరద అన్నారు. ఆ వరదలో ఏం కొట్టుకొచ్చిందో ఎవరూ అడగలా. తాడేపల్లిగూడెం వైపు నీళ్లు కొల్లేట్లోకి రావు గానీ కథ అదే. ఎర్రకాలవ నందమూరు అక్విడక్ట్ దాటాక యనమదుర్రు డ్రెయినవుద్ది. భీమవరం చేరేసరికి దాని రంగేంటో అక్కడోళ్లనే అడగండి.

2020 డిసెంబరు గుర్తుందా? ఏలూరు వన్ టౌన్లో నించున్నోళ్లు నించున్నట్టే ఫిట్స్ వచ్చి పడిపోయారు. వారం తిరక్కుండా 600 మంది దాకా ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమని నిపుణులు చెప్పారు. ఆ మందు నీళ్లలోంచి వచ్చిందా, కూరల్లోంచా అన్నది తేలకుండానే ఊరు మర్చిపోయింది. ఆ నెలంతా మా ఊళ్లో టిన్ను నీళ్లు తప్ప తాగలేదు. ఇప్పుడూ టిన్నే. లంక ఊళ్ల చుట్టూ కనుచూపు మేరా నీళ్లే, తాగే నీళ్లకి మాత్రం 20 లీటర్ల టిన్ను కొనుక్కోవాలి.

మరి ఎందుకు మాటాడం? నాకర్థమైంది చెప్తా. మన వైపు 'పర్యావరణం' అంటే జనానికి పొక్లెయిన్ కనిపిస్తుంది. 1970లలో గవర్నమెంటే సొసైటీలకి చెరువులు ఇచ్చింది. 1999లో సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు దాకా అభయారణ్యం అంది. 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేసింది. పేర్లు మార్చి వందల ఎకరాలు చేసిన పెద్దోళ్లు తట్టుకున్నారు. సొసైటీలో వాటా ఉన్న వడ్డీల ఇళ్లే వలస పోయాయి. 2008లో 5 కాదు, 3 చాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన కమిటీ కుదరదంది. ఇరవై ఏళ్లుగా గొడవంతా గట్టు ఎక్కడుండాలన్న దాని మీదే. గట్టు లోపలి నీళ్లు ఎలా ఉన్నాయన్న మాట ఆ గొడవలో కొట్టుకుపోయింది.

అందుకే మాలాంటోళ్లకి ప్లాస్టిక్ అంటే ఇష్టం. కవరుకి ఓనరు ఉండడు. ఏరితే ఎవరికీ కోపం రాదు. కోడి వేస్టు లారీకి ఓనరు ఉంటాడు. చేపకి కోడి వేస్టు వేయటం నిషేధమని ఊరందరికీ తెలుసు, రాత్రి పూట తార్పాలిన్ కప్పుకుని ఆ లారీ వస్తుందనీ తెలుసు. దాన్ని ఆపి ఫొటో దిగినోడు స్టేటస్ పెట్టుకోలేడు. ఏరటం వద్దనట్లేదు, వచ్చే నెలా ఏరతాను. ఆ పదకొండు గోతాలు చూసి ఊరు బాగుపడిపోయిందని మాత్రం అనుకోలేను.

ఇంకో సంగతి. పైనోడు వదిలిన నీళ్లనే కిందోడు మోటారేసి చెరువుకి తోడుకుంటాడు. మురుగు పోయేదీ కొత్త నీళ్లొచ్చేదీ చాలా చోట్ల ఆ ఒక్క డ్రెయిన్లోంచే. కుళ్లు ఎక్కువైతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది, అమ్మోనియా పెరుగుద్ది, చేపకి రోగం తగులుద్ది. రోగానికి మందులు, మందుల నీళ్లు మళ్లీ డ్రెయిన్లోకి. ఆటపాక గూడబాతుల కోసం చేయమంటే మా నాన్న నవ్వుతాడు. చెరువు ఖాళీ చేసే ముందు కిందోళ్లకి ఫోన్ చేద్దామంటే వింటాడు, ఎందుకంటే పైన ఖాళీ చేసినప్పుడు దెబ్బ తినేదీ ఆయనే.

మనకి చేతనైంది ఒకటుంది. కైకలూరు, ఆకివీడు, భీమవరంలో ఆక్వా ల్యాబులున్నాయి. మన చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత అని పరుగెత్తుతాం. డ్రెయిన్ నీళ్లు పట్టుకెళ్లినోడు నాకు తెలిసి మా ఊళ్లో లేడు. ఈ నెల నించి మేం నలుగురం మూడు చోట్ల పడదామనుకున్నాం. ఊరి పైన, ఊరి కింద, డ్రెయిన్ కొల్లేట్లో కలిసే కాడ. తేదీ రాసి, రిపోర్టులు దాచి, గ్రామసభలో చదువుతాం. ఎవరి పేరూ చదవం, నీళ్ల లెక్కలే చదువుతాం. ల్యాబు డబ్బులు తలా కొంత వేసుకుంటన్నాం. నాన్నకి చెప్పా, ఊ అనలేదు, ఊహూ అనలేదు.

గ్రామసభలో పెదనాన్న ఎప్పుడూ ముందు వరసలోనే కూచుంటాడు. మొదటి రిపోర్టు చదవాల్సింది నేనేనంట.