కనకాంబరానికి ఎంత చలి ఎక్కువ?

పిల్లలూ! మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కనకాంబరం లేని పెరడు అరుదు. నూతి గట్టు పక్కన, ఎండకూ వానకూ అది ఆరుబయటే ఉంటుంది. అదే మొక్కను యూరపు దేశాల్లో కుండీలో పెట్టి అమ్ముతారు. "ఇంటి లోపల పెంచండి, 13 డిగ్రీల కంటే చల్లబడనివ్వకండి" అన్నట్టు సలహా కూడా ఇస్తారు. మొక్క ఒక్కటే కదా! ఇక్కడ పెరటి మొక్క, అక్కడ ఇంటి లోపలి మొక్క ఎలా అయింది?

నన్నడిగితే, "ఇండోర్ ప్లాంట్" అనే జాతి ప్రకృతిలో లేనే లేదు. అది మొక్క గుణం కాదు, ఆ ఊరి వాతావరణం పెట్టిన పేరు. కనకాంబరం పుట్టిల్లు దక్షిణ భారతదేశం, శ్రీలంక. లినేయస్ 1759లోనే దాన్ని శాస్త్ర గ్రంథానికి ఎక్కించాడు. ఇప్పటి శాస్త్రీయ నామం క్రాసాండ్రా ఇన్‌ఫండిబులిఫార్మిస్. రెండో మాటకు గరాటు ఆకారం గలది అని అర్థం. ఒక పువ్వు తుంచి చూడండి, పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది. వెచ్చని నేలలో పుట్టిన ఈ మొక్క గడ్డకట్టే చలిని ఎన్నడూ ఎరగదు. అందుకే అమెరికాలో న్యూజెర్సీ వంటి చోట్ల ఉండే మనవాళ్లు చలికాలం రాకముందే కనకాంబరం, మల్లె కుండీలను ఇంట్లోకి చేరుస్తారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల వద్ద గదా, కనకాంబరం పది, పన్నెండు డిగ్రీలకే ఎందుకు బాధపడుతుంది? దీనికి జవాబు మీ వంటింట్లోనే ఉంది. పుష్యమాసపు తెల్లవారుజామున కొబ్బరి నూనె సీసా చూడండి. గడ్డకట్టి ఉంటుంది. పక్కనున్న నువ్వుల నూనె మాత్రం ధారగా పోస్తుంది. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వులు ఎక్కువ, అవి సుమారు 24 డిగ్రీల వద్దే గట్టిపడతాయి. నువ్వుల నూనెలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, అవి చలిలోనూ ద్రవంగానే ఉంటాయి.

మొక్కలో ప్రతి కణానికీ చుట్టూ కొవ్వులతో అల్లిన పలుచని త్వచం ఉంటుంది. అది మెత్తగా, కదులుతూ ఉంటేనే లోపలికీ బయటికీ రాకపోకలు సవ్యంగా జరుగుతాయి. చలికి అది బిగుసుకుంటే కణంలోని పదార్థాలు కారిపోతాయి, ఆకులు వాలి మచ్చలు పడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడటం చూశారు కదా, అదీ ఇలాంటి చలిదెబ్బే. జపానులో మురాటా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1992లో దీనికి గట్టి సాక్ష్యం చూపారు. జన్యువులను మార్చి పొగాకు మొక్కల త్వచంలోని కొవ్వులను మార్చారు. అసంతృప్త కొవ్వులు తగ్గిన మొక్కలు చలికి మరింత దెబ్బతిన్నాయి, పెరిగినవి మరింత ఓర్చుకున్నాయి.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. కళింగపట్నం, భీమునిపట్నం వంటి తీరపు ఊళ్లలో సముద్రం మెల్లగా చల్లారుతుంది గనుక చలికాలపు రాత్రులు సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటాయి. అక్కడ కనకాంబరానికి పూత తగ్గవచ్చు గాని ప్రాణభయం లేదు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కితే లెక్క మారుతుంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. పైగా మబ్బులేని రాత్రి బరువైన చల్లగాలి కొండల మీంచి జారి లోయలో చేరుతుంది. అక్కడి కనకాంబరానికి గోడ అండో, గోనెపట్టా కప్పో కావాలి.

కాబట్టి కుండీకి తగిలించిన చీటీలోనో, ఫోనులోనో కనబడిన అంకె అబద్ధం కాదు. అయితే ఆ అంకెకు ఒక చిరునామా ఉంటుంది. అది చూడకుండా అమలు చేయడం శాస్త్రం కాదు. కనకాంబరాన్ని ఏ.సి. గదిలో పెట్టారనుకోండి. అక్కడి 24 డిగ్రీలు దానికి చలే కాదు. దాన్ని బాధించేవి పొడిగాలి, చాలని వెలుతురు. అంకె ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు.

ఇంకొక పొరపాటు దీనికన్నా చెడ్డది. చలికి ఆకు వాలగానే నీళ్లు చాలలేదని కొందరు రెండు చెంబులు ఎక్కువ పోస్తారు. చల్లని మట్టిలో వేర్లు నీటిని మెల్లగా పీలుస్తాయి. మిగిలిన నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అప్పుడు చలి బతకనిచ్చిన మొక్కను మన జాలి చంపుతుంది! మట్టిలో వేలు గుచ్చి చూసి, తడి ఉంటే ఆగండి. పూలమ్మి బతికే కుటుంబానికి ఒక్కొక్క మొక్కా ఆదాయమే, దాన్ని ఊహ మీద పోగొట్టుకోవడం న్యాయమా?

నా అభిప్రాయంలో ప్రతి ఉన్నత పాఠశాల ఆవరణలోనూ ఒక గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటరు ఉండాలి. దానిని రోజూ చదివి రాసే బాధ్యత పిల్లలదే కావాలి. అది లేకపోతే ప్రయోగశాల థర్మామీటరు చాలు. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గర మొదలవుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయానికి ముందు పెరటి మధ్య ఒకసారి, గోడవార ఒకసారి ఉష్ణోగ్రత చూడండి. ఆ రోజు ఎన్ని పువ్వులు పూశాయో పక్కనే రాయండి. రెండు నెలలయ్యేసరికి మీ ఊరి కనకాంబరానికి ఎంత చలి ఎక్కువో మీ నోటుపుస్తకమే చెబుతుంది. లండను కోసం రాసిన ఏ చీటీలోనూ ఆ జవాబు ఉండదు.